రెండేసిగారి నకళ్లు

ఆసుపత్రిలో ఎక్స్‌రే బొమ్మలన్నీ దాచే కంప్యూటరుకి కాపలా కాయడం ఆయన ఉద్యోగం. ఏ వస్తువైనా రెండేసి ఉండాలంటాడు. రెండు గొడుగులు, రెండు కళ్లజోళ్లు, బీరువాకి రెండు తాళంచెవులు. చుట్టాలంతా కలిసి ఆయనకి రెండేసిగారని పేరు పెట్టారు. ఆ తాళంచెవులు రెండిటినీ ఒకే గుత్తికి గుచ్చి, ఆ గుత్తిని బస్సులో పారేసుకొచ్చిన రోజున భార్య పల్లెత్తు మాట అనలేదు. బీరువా పగలగొట్టడానికి వచ్చినతనికి మంచినీళ్లిస్తూ, "మా ఆయన చాలా జాగ్రత్త మనిషి బాబూ" అంది. అంతే.

ఒకనాడు పైవాళ్ల నుంచి, ప్రతి ఎక్స్‌రేకీ నకలు ఉండాలని హుకుం వచ్చింది. రెండేసిగారికి పెళ్లి పిలుపు అందినట్టయింది. కంప్యూటరులో రోగులందరి పట్టిక ఒకటి ఉంది. పేరు, వయసు, తేదీ, చివర బొమ్మ నంబరు. బొమ్మ మరీ పెద్దది, పట్టికలో పట్టదు. అదే కంప్యూటరులో వేరే మూల ఉంటుంది. నంబరు నొక్కితే అక్కడినుంచి వస్తుంది. ఈయన పట్టిక మొత్తాన్ని ఎత్తి పక్కన ఇంకోటి రాసేశాడు. నాలుగు నిమిషాలు పట్టింది.

ఎక్స్‌రే తీసే ఆవిడ తొంగిచూసింది. "లక్ష బొమ్మలు సార్! అప్పుడే అయిపోయాయా?"

"మరేమనుకున్నావమ్మా?"

"ఇన్ని మళ్లీ పెడితే లోపల చోటు తగ్గాలి కదా. ముందెంతుందో అంతే చూపిస్తోందే?"

"అదే పనితనమంటే!" అన్నాడు. కొత్త పట్టికలో ఒక నంబరు నొక్కి చూపించాడు. ఎవరిదో మోకాలు నిగనిగలాడుతూ వచ్చింది. రాదూ మరి? అసలు బొమ్మ ఇంకా దాని మూలన అది ఉంది. ఆవిడ మోకాలినీ, ఆయన మొహాన్నీ మార్చిమార్చి చూసి వెళ్లిపోయింది.

ఆ ఊపులోనే పెద్ద డాక్టరుగారికి కాగితం పెట్టాడు. రెండేసి బొమ్మలుండగా రోగుల చేతికి ఫిల్ము ఇవ్వడం దండగన్నాడు. ఫిల్ములు ఆగిపోయాయి. ఏడాది తిరిగాక చోటు చాలడం లేదన్నారు. రెండోది ఉందిగా అన్న ధీమాతో పాత పట్టికనీ, దాని బొమ్మలనీ తుడిచి పారేశాడు. బోలెడంత చోటు ఖాళీ అయింది. అందరూ మెచ్చుకున్నారు.

ఆ వారంలోనే రెండేసిగారి అత్తగారికి దగ్గు వచ్చింది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తిలో బఠాణీ గింజంత మచ్చ. మూడేళ్ల కిందటా ఒకసారి తీశారు.

"అప్పుడూ ఇంతే ఉంటే దాని జోలికి పోనక్కర్లేదు. పెరిగుంటే మాత్రం కోసి తీయాలి, తెలియకపోయినా అంతే. పాత బొమ్మ చూపించండి" అన్నాడు డాక్టరు.

"ఒకటి కాదు సార్, రెండున్నాయి!" అని అల్లుడుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అత్తగారి పేరు వచ్చింది. వయసు, తేదీ, నంబరు వచ్చాయి. నొక్కితే తెల్లటి తెర. ఇంకొకరి పేరు నొక్కాడు, తెల్లటి తెర. ఆ నిగనిగలాడిన మోకాలూ లేదు. నకలు తీసింది నంబర్లకే తప్ప బొమ్మలకి కాదని అప్పుడు వెలిగింది. డెబ్బై రెండేళ్ల మనిషిని తన చేతకానితనం కోతబల్ల ఎక్కిస్తోంది.

అత్తగారు తెర వైపు తొంగిచూసింది. "ఏం అల్లుడుగారూ, మళ్లీ రెండూ ఒకే గుత్తికి గుచ్చారా?"

ఆయన ఇంకో నంబరు నొక్కి చూశాడు. మళ్లీ తెల్లటి తెరే.

"సరే, లేవండి. మన స్నానాలగది కిటికీకి అద్దం పగిలితే నల్లటిదొకటి అంటించాను చూడండి. తీసి పారెయ్యమని రోజూ నా మీద ఎగురుతుంటారే, అది. అవి ఎవరి ఊపిరితిత్తులనుకున్నారు?"

రెండేసిగారు పరుగున ఇంటికెళ్లి స్టూలెక్కి, గోళ్లతో టేపు గీకి, సబ్బు మరకల ఫిల్ము పట్టుకొచ్చాడు. డాక్టరు తడిగుడ్డతో తుడిచి, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, స్కేలు పెట్టి కొలిచి, మళ్లీ కొలిచాడు.

"వెంట్రుకవాసి కూడా పెరగలేదు. కోత అక్కర్లేదు."

అత్తగారు కొంగు సర్దుకుని లేచింది. "ఆ ఫిల్ము ఇలా ఇవ్వండి డాక్టరుగారూ. కిటికీకే పెట్టుకుంటాను. మా అల్లుడు భద్రపరుస్తానంటాడేమో, ఆయనకి మాత్రం ఇవ్వకండి."

మర్నాడు పొద్దున్నుంచీ రెండేసిగారు ఫోను దగ్గరే ఉన్నాడు. ఎదురుగా రోగుల జాబితా, పేరు తర్వాత పేరు.

"అమ్మా, ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నానండీ. పోయిన ఏడాది మీవారికి ఎక్స్‌రే తీశాం కదా, దాని ఫిల్ము ఇంట్లో ఎక్కడైనా..."

"ఫిల్మా? అడిగితే మీరే కదండీ, దండగ, మా దగ్గర రెండేసి ఉన్నాయన్నారు?"