వద్దంటే మొహమాటం అనుకున్నాను

తిరువూరులో నా గురించి ఎవరినడిగినా మంచివాడనే చెప్తారు. బస్టాండు దగ్గర పురుగుమందుల కొట్టు, పాతికేళ్లుగా ఒకటే చోటు, నకిలీ మందు ఒక్క డబ్బా అమ్మి ఎరగడు, రైతు ఎంత విసిగించినా విసుక్కోడు, ఇలా ఏవేవో చెప్తారు. వాళ్లకేం తెలుసు నా మొహం! ఒక ఆడపిల్ల నోటి దగ్గర కూడు నేను లాగేశాను. కావాలని చేయలేదు, నిజమే. కానీ దాన్ని సరిచేసే దారి నా చేతిలోనే ఉంది, చేయలేదు. అది మాత్రం కావాలనే చేయలేదు.

పేకాట నాకు కుర్రతనం నుంచీ ఉన్న జబ్బు. రెడ్డిగూడెం వైపు మామిడితోటల్లో బరకాలు పరుచుకుని మూడేసి రోజులు ఆడేవాళ్లం. అలా ఆడి ఆడి ఎకరంన్నర తోట పోగొట్టాను. ఆ రోజు మా ఆవిడ అరవలేదు, ఏడవలేదు. నాలుగేళ్ల మా అమ్మాయిని తెచ్చి నా ముందు నిలబెట్టి, "దీని నెత్తిమీద చెయ్యి పెట్టి చెప్పండి" అంది. పెట్టాను. ఇక ముక్క ముట్టుకోనని ఒట్టేశాను. పద్నాలుగేళ్లు ముట్టుకోలేదు కూడా. ఆ తర్వాత ఫోనులో ఉత్తుత్తి డబ్బులతో పోకర్ ఆడటం మొదలెట్టాను. ఇదేమన్నా ముక్కా, అద్దం మీద బొమ్మేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సాకులు వెతుక్కోవడంలో నాకు సాటి ఎవరూ లేరు.

మందుల కంపెనీ ఒకటి ప్రతి ఏడాదీ టార్గెట్ కొట్టిన కొట్లవాళ్లని ఎక్కడికో ఒకచోటికి టూరు తీసుకెళ్తుంది. పోయిన ఏడాది వానాకాలంలో గోవా తీసుకెళ్లింది. రెండోరోజు సాయంత్రం అందరూ బీచికి వెళ్లారు. నేను తలనొప్పని చెప్పి, నది మీద కట్టేసి ఉన్న ఓడలో క్యాసినోకి వెళ్లాను. అక్కడ పోకర్ టోర్నమెంటు జరుగుతోంది. అందరూ ఒకటే ఫీజు కట్టి, డబ్బుకి బదులు సమానంగా బిళ్లలు తీసుకుని కూర్చుంటారు. బిళ్లలైపోయినవాళ్లు లేచిపోతారు. ఆఖరిదాకా మిగిలినవాడిది గెలుపు. ముక్కలు పంచేది మనం కాదు, వాళ్ల ఉద్యోగులు. డీలర్లంటారు.

మా బల్ల దగ్గర పంచే డీలరు ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. నల్ల కోటు, జుట్టు వెనక్కి బిగించి కట్టింది. ఆ చేతులు చూడాలి అసలు! ముక్క గాల్లో జారుతూ వచ్చి సరిగ్గా మన ముందు ఆగేది. నా జీవితంలో ఎంతోమంది పంచడం చూశాను, అంత శుభ్రంగా పంచినవాళ్లని చూడలేదు. ఒక ఆటలో నాకు కావాల్సిన ముక్క పడగానే, "ఓరి నాయనో, వచ్చిందిరా" అని తెలుగులో గొణిగాను. ఆ పిల్ల పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. విరామంలో నా పక్కనుంచి వెళ్తూ, "మాది వినగడప అండీ" అంది చిన్నగా. నాకు ప్రాణం లేచొచ్చింది. వినగడప అంటే మా కొట్టుకి వచ్చే రైతుల ఊరు. "తిరువూరు బస్టాండు పక్కన మందుల కొట్టు నాదేనమ్మా" అన్నాను. తలూపి వెళ్లిపోయింది. ఆటగాళ్లతో మాట్లాడకూడదట వాళ్లు. అది నాకు తర్వాత తెలిసింది.

గెలిచాను. ఎలా గెలిచానో ఇప్పుడు చెప్పబుద్ధి కావడంలేదు, ముక్కలు పడ్డాయి అంతే. లక్షన్నర పైనే వచ్చింది. డబ్బిచ్చే కిటికీ దగ్గర కోటు వేసుకున్న మేనేజరు ఒకాయన, పక్కనే తాళం వేసిన అద్దాల పెట్టె చూపించి, డీలర్లకి ఏమన్నా ఇవ్వదలుచుకుంటే అందులో వేయమన్నాడు. అందులో పడింది డీలర్లందరూ పంచుకుంటారట. నాలుగు నోట్లు వేశాను. కానీ మనసొప్పలేదు. పెట్టెలో పడింది ఎవరెవరికి పోతుందో, పంచి పెట్టిన పిల్ల మన పిల్లాయె అనుకున్నాను. తిరిగి బల్ల దగ్గరికి వెళ్లాను. ఆ పిల్ల బిళ్లలు సర్దుతోంది. పది ఐదువందల నోట్లు మడిచి చేతిలో పెట్టబోయాను.

"వద్దండీ, వద్దు, పెట్టెలో వేసేయండి" అంది.

"పర్లేదులేమ్మా, ఉంచు."

"వద్దు అంకుల్, తీసుకోకూడదు. పైన కెమెరాలున్నాయి, ప్లీజ్."

నేను వింటేనా? మావైపు చేతిలో డబ్బు పెడితే ఎవరైనా ముందు వద్దనే అంటారు. వద్దనడం వాళ్ల మర్యాద, వినకుండా పెట్టడం మన ప్రేమ. చుట్టాలింటినుంచి బయల్దేరేటప్పుడు పిల్లల గుప్పిట్లో నోటు కుక్కి, వాళ్లు తిరిగిచ్చేలోపు బస్సెక్కేస్తాం. బస్సు కదులుతుంటే కిటికీలోంచి ఒళ్లోకి విసిరేసినవాళ్లని కూడా చూశాను. మా మేనత్త అయితే రోడ్డు మీద పరిగెత్తేది. నేనూ అదే చేశాను. ఆ పిల్ల వేళ్లు మూసి, "మీ అమ్మకి చీర కొనిపెట్టు" అని, వెనక్కి చూడకుండా గబగబా వచ్చేశాను. వెనకనుంచి "అంకుల్, అంకుల్" అని వినబడుతూనే ఉంది. నవ్వుకుంటూ పడవ ఎక్కి ఒడ్డుకొచ్చేశాను. ఎంత మంచి పని చేశానో అని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా, సిగ్గులేనివాణ్ణి.

ఇంట్లో కంపెనీ ప్రోత్సాహకం ఇచ్చిందని చెప్పాను. ఆ డబ్బుతో మా అమ్మాయికి ల్యాప్‌టాప్ కొన్నాం. ఏ పిల్ల నెత్తిమీద ఒట్టేశానో ఆ పిల్లకే!

పత్తి తీతలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం కొట్లో జనం కిటకిటలాడుతున్నారు. మా ఆవిడ బిల్లులు రాస్తోంది. గుమ్మం దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది. కోటు లేదు, మామూలు చుడీదారు, భుజాన సంచి. గుర్తుపట్టగానే చటుక్కున మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడ, "ఏం కావాలమ్మా?" అంటోంది. ఆ పిల్ల నా వైపు చూసి, "పత్తికి గులాబీ పురుగు మందు కావాలండి" అంది. నా ఇబ్బంది చూసి అబద్ధమాడింది ఆ క్షణంలో. మా దగ్గర అయిపోయింది, పక్క కొట్లో చూపిస్తానని చెప్పి బయటికి తీసుకెళ్లాను.

చెరుకురసం బండి దగ్గర బల్లమీద కూర్చుని చెప్పింది. నేను పరిగెత్తాక, డబ్బు తిరిగిచ్చేద్దామని బల్ల వదిలేసి నా వెనకే వచ్చిందట. బల్లమీద బిళ్లలుండగా డీలరు పక్కకి కదలకూడదు. కెమెరాలో అంతా కనబడింది. ఇద్దరిదీ ఒకటే ప్రాంతం, విరామంలో మాట్లాడుకున్నారు, ఆఖరి ఆట తనే పంచింది, గెలిచినవాడు వచ్చి చేతిలో డబ్బు పెట్టాడు. ఇంకేముంది, ఇద్దరూ కుమ్మక్కయ్యారని అన్నారు. ఉద్యోగంలోంచి పక్కన పెట్టేశారు.

"నేను దొంగనన్నారు అంకుల్" అంది. "మీరు లెటర్ రాస్తే మళ్లీ పనిలోకి తీసుకుంటామన్నారు. ఆర్నెల్లు టైమిచ్చారు. తర్వాత ఫైలు మూసేస్తారంట. అప్పుడిక ఏ క్యాసినోలోనూ పని దొరకదు."

సంచిలోంచి కాగితం తీసింది. ఇంగ్లీషులో టైపు చేయించుకొచ్చింది. ఈ అమ్మాయి నాకు ముందు తెలియదు, వద్దన్నా వినకుండా నేనే బలవంతంగా చేతిలో పెట్టాను, అంతే విషయం. కింద నా సంతకం, ఆధార్ జిరాక్సు, ఫోను నంబరు కావాలి. తను పంపితే చెల్లదట, గెలిచిన మనిషి దగ్గరనుంచే నేరుగా రావాలట.

"మీ ఇంట్లో తెలుసా?" అన్నాను.

"హోటల్లో పనని చెప్పానండి. మా అమ్మకి మోకాళ్లు పోయాయి. నేను ఉద్యోగంలో చేరాక కూలి మాన్పించాను. ఇప్పుడు మళ్లీ పత్తికి వెళ్తోంది. నాకిది తప్ప ఇంకో పని రాదంకుల్. అదొక్కటే బాగా వచ్చు."

బాగా వచ్చని నాకు తెలియదా? నా కళ్లతో చూశాను. ఆ కాగితం మీద అక్కడే సంతకం పెడితే అరనిమిషం పని. జేబులో పెన్ను కూడా ఉంది. కానీ ఫోను నంబరు అనగానే నాకు మా ఆవిడ కనబడింది. వాళ్లు ఫోన్ చేస్తే? ఇంటికి ఉత్తరం వస్తే? కుమ్మక్కని తేల్చి గెలిచింది కక్కమంటే? ఇన్ని ఆలోచనలు నాకోసమే వచ్చాయి, ఆ పిల్ల కోసం ఒక్కటీ రాలేదు. "నేను పంపిస్తాలేమ్మా, నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. రసం తాగమన్నాను. తాగలేదు.

తర్వాత తిరువూరులోనే ఒక బట్టల కొట్లో బిల్లులు కొట్టే పనికి చేరింది. ఆ దారిన పోవడం మానేశాను. అయినా పదిహేను రోజులకోసారి ఎక్కడో ఒకచోట ఎదురుపడేది. "పంపారా అంకుల్?" అని ఒక్క మాట. కోపం లేదు, నిష్ఠూరం లేదు. జిరాక్సు మిషను పాడైందన్నాను. కొరియర్ వాడు సెలవన్నాను. సీజను హడావిడన్నాను. ప్రతిసారీ "సరేనండి" అని వెళ్లిపోయేది. ఆ పిల్ల తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! నడిరోడ్డు మీద చొక్కా పట్టుకుని ఉంటే ఆ సంతకం పెట్టేవాణ్ణేమో.

మామిడి పూత మొదలైనప్పుడు క్యాసినోవాళ్ల దగ్గరనుంచి నాకు మెసేజ్ వచ్చింది. పాత విజేతలకి రెండురోజులు గది ఉచితం, టోర్నమెంటుకి రమ్మని. డీలరునైతే పక్కన పెడతారు గానీ ఆటగాణ్ణి వదులుకోరు వాళ్లు. అది చదివి నేను అనుకున్న మొదటి మాట, లెటర్ స్వయంగా ఇవ్వొచ్చు కదా అని. నిజంగానే అలా అనుకున్నాను. ఆ రోజే సంతకం పెట్టాను. ఆధార్ జిరాక్సు జతచేశాను. మా ఆవిడకి హైదరాబాదులో కంపెనీ మీటింగని చెప్పాను. ఫోను మోగకుండా, ఉత్తరం రాకుండా అక్కడే మాట్లాడి తేల్చేస్తే ఆ పిల్ల బతుకూ నిలబడుతుంది, నా ఇల్లూ నిలబడుతుంది. దారి పొడుగునా జేబు తడుముకుంటూనే ఉన్నాను.

ఓడ ఎక్కగానే అదే మేనేజరు ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. గుర్తుపట్టాడు. నోరు తెరిచాను. "ఆట మొదలవుతోంది సార్" అన్నాడు. ముందు ఒక ఆట ఆడి ఇద్దాం, పోయేదేముంది అనుకున్నాను. రెండురోజులు ఆడాను. ఓడిపోయాను. బయటికొచ్చేటప్పుడు ఆ మేనేజరు గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఓడిపోయిన మొహంతో ఇప్పుడేం మాట్లాడతాం, ఇంకో మాటు వద్దాం అనుకుని తల దించుకుని వచ్చేశాను. కుమ్మక్కు సంగతి తవ్వితే ఇక నన్ను రానివ్వరేమోనన్న భయం కూడా ఉంది. చీ! ఉంది, ఆ భయమే ఎక్కువుంది.

తిరిగొచ్చిన నాలుగోరోజు మధ్యాహ్నం మా ఆవిడ అన్నానికి ఇంటికెళ్లిన సమయంలో ఆ పిల్ల కొట్టుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అక్కడ మా ఫ్రెండు ఫోన్ చేసింది అంకుల్, మీరొచ్చారని. మిమ్మల్ని అపార్థం చేసుకున్నాను. పంపడం ఇష్టంలేక వాయిదా వేస్తున్నారనుకున్నాను. నా కోసం అంత దూరం వెళ్లారా?" అంది. కళ్లనిండా నీళ్లు. "ఇచ్చారు కదా?"

చొక్కా జేబులోనే ఉంది ఉత్తరం. ఆడటానికి వెళ్లానని ఆ పిల్లతో ఎలా చెప్పను?

"ఇచ్చానమ్మా" అన్నాను.

"మేనేజర్‌గారికేనా? ఏమన్నారు?"

"మేమే ఫోన్ చేస్తామన్నారు."

రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. వయసులో నా కూతురంత పిల్ల. ఆ వారంలోనే బట్టల కొట్లో పని మానేసింది. ఫోన్ వస్తే వెంటనే బయల్దేరాలి కదా. వాళ్లమ్మని పత్తికి వెళ్లొద్దని ఇంట్లో కూర్చోబెట్టింది.

ఆ తర్వాత కూడా ఆ ఉత్తరం పంపలేదు. ఆర్నెల్ల గడువు దాటి ఇది మూడోవారం. ఇప్పుడు ఆ ఉత్తరానికి విలువ లేదు, నిజం చెప్పినా ఆ పిల్లకి ఒరిగేది లేదు. అయినా చెప్పాలి. చెప్పలేదు. నిన్న వినగడప రైతొకడు మందుకొచ్చి, "మీరు మా ఊళ్లో పెద్దమనిషైపోయారండీ" అన్నాడు. ఏంట్రా అంటే, ఆదివారం చర్చిలో ఆ పిల్ల వాళ్లమ్మ లేచి సాక్ష్యం చెప్పిందట. నా కూతురి ఉద్యోగం కోసం తిరువూరు షావుకారుగారు సొంత ఖర్చుతో అంతదూరం వెళ్లి మాట్లాడొచ్చారు, ఆయన్నీ ఆయన బిడ్డనీ చల్లగా చూడు ప్రభువా అని ఏడ్చిందట. జనమంతా ఆమెన్ అన్నారట.