మేస్టారమ్మ అల్లం

పదకొండేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నతల్లికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెబితే ఆ తర్వాత వాళ్ళ మొహం చూడాలి. అంత ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. ముందే అనేస్తున్నాను, ఇందులో హత్యలు లేవు, దోపిడీలు లేవు. ఒక బుట్టెడు అల్లం ఉంది. అల్లం కోసం ఇంత గుండెలు బాదుకోవాలా అనిపిస్తే మీ తప్పేమీ లేదు. నేను కూడా చాలా ఏళ్ళు ఆ మాటే అనుకుని మనసుకి సర్దిచెప్పాలని చూశాను.

మాది విజయనగరం వైపు, సముద్రం ఒడ్డున ఊరు. మా ఆయన బడి పంతులు. పదమూడేళ్ళ కిందట ఆయనకి అరకు దగ్గర ఒక కొండ ఊళ్ళో పోస్టింగ్ వచ్చింది. రోడ్డు ఆగిపోయిన చోట జీపు దిగి గంట నడవాలి. ముప్పై గడపలు. అంతకు ముందున్న మాస్టార్లు కింద అరకులో అద్దెకుండి, వారానికి మూడు రోజులు మొహం చూపించి పోయేవారట. మా ఆయనకి అది చేతకాదు. ఉంటే ఊళ్ళోనే ఉందామన్నాడు. నేను మూడు రోజులు ఏడ్చి సామాను సర్దాను.

ఆ మొదటి చలికాలం నన్ను బతికించింది సుక్రమ్మ. పక్కింటి మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. పొయ్యిలో నిప్పు తెల్లారేదాకా ఆరకుండా ఎలా కప్పెట్టాలో ఆమే చూపించింది. చలిజ్వరంతో మంచం పట్టినప్పుడు మూడు పూటలా రాగి అంబలి తెచ్చి తాగించింది. ఏ ఆకు కూరకి పనికొస్తుందో, దేన్ని పశువులు కూడా ముట్టవో చెప్పింది. నేను అన్నీ నేర్చుకున్నాను, నేర్చుకుంటూనే వీళ్ళకేం తెలుసు అనుకునేదాన్ని. ఒక మనిషి చేతి తిండి తింటూ ఆ మనిషినే తక్కువగా చూడడం ఎలా కుదురుతుంది? కుదురుతుంది. నేను చూశాను కదా.

రెండో ఏడు మేమిద్దరం నేస్తం కట్టాం. అది కొండమీదా ఉంది, కింద మా వైపూ ఉంది. నలుగురి ముందు ఒకరి కొంగులో ఒకరు బియ్యం పోసి, బొట్టు పెట్టుకుంటే ఇద్దరూ నేస్తాలు. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు, నేస్తం అనే పిలవాలి. ఒకరి గుట్టు ఒకరు నలుగురిలో పెట్టకూడదు. ఆమె ఈ రెండూ నిలబెట్టింది. నేను పైన ఆమె పేరు రాసేశాను. నాకు ఇక ఆ మర్యాద దేనికి?

నేస్తం కట్టిన రోజు సాయంత్రం, అందరూ వెళ్ళిపోయాక, ఆమె నాకు ఒక బుట్టెడు విత్తనపు అల్లం కానుకగా ఇచ్చింది. సన్నటి కొమ్ములు. విరిస్తే ఇల్లంతా వాసన. అది ఆమె అత్త, ఆ అత్తకి అత్త, గోతిలో ఆకులు పరిచి పైన మట్టి మెత్తి ఏటేటా దాచుకుంటూ వచ్చిన విత్తనం. నేను దాన్ని మా ఇంటి వెనక గట్టు మీద పాతాను. బదులు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక చీర పెట్టచ్చు కదా? రెండు జతల గాజులు ఇచ్చినా మురిసిపోయేది. కానీ నేను గొప్పలకి పోయాను. మా వైపు అల్లం బొటనవేలంత లావుంటుంది, ఈసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు తెస్తాను, చూద్దువుగాని అన్నాను. వాళ్ళ విత్తనం కంటే మాది మేలని చూపించాలి. అదీ నా బుద్ధి.

తెచ్చాను. మార్కెట్లో కొని, ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూటకట్టి, బస్సులోనూ రైల్లోనూ జీపులోనూ మోసుకొచ్చాను. ఇంటికొచ్చి విప్పితే వాసన. ఘాటు కాదు, కుళ్ళు. సగానికి సగం మెత్తబడి, నొక్కితే నీళ్ళు కారుతున్నాయి. ఎవరైనా అయితే పెంటమీద పారబోసి, దారిలో పాడైపోయింది నేస్తం అని చెప్పేవారు. ఎంతసేపు పని అది? నేను కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాను. మెత్తటివి కోసి పారేసి, గట్టిగా ఉన్న ముక్కలు కడిగి, కోసిన చోటల్లా బూడిద రాసి, బుట్టలో లావువి పైకి కనిపించేలా పేర్చాను.

ఆ తెగులు పాకుతుందని నాకు తెలియదు. అది నిజం. అది ఇవ్వదగిన విత్తనం కాదని నాకు తెలుసు. అదీ నిజం. మొదటి నిజాన్ని అడ్డం పెట్టుకుని రెండోదాన్ని ఇన్నేళ్ళూ దాచాను.

ఇక్కడ ఆ ఊరి పండగ గురించి చెప్పాలి. చైత్రంలో ప్రతి ఇంటివాళ్ళూ తమ విత్తనాల్లోంచి దోసెడు తెచ్చి దేవుడి రాయి ముందు పోస్తారు. వడ్లు, రాగులు, సామలు, అల్లం, ఏముంటే అవి. ఊరికి మంచిరోజులు చూసి పూజలు చేసే పెద్దని దిసారి అంటారు. ఆయన ఆ విత్తనాలన్నీ కలిపి మళ్ళీ ఇంటింటికీ పంచుతాడు. అలా కలపని విత్తనం ఆ ఏడు నేలలో పడకూడదు. అప్పట్లో నాకు ఇది చాదస్తంగా కనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే, నలుగురూ చేత్తో పట్టుకుని చూడని విత్తనం ఊళ్ళోకి రాకూడదనే ఎవరో ఈ పద్ధతి పెట్టి ఉంటారు. నా బుట్ట ఆ రాయి ముందుకి వెళ్ళి ఉంటే, అరవై చేతుల్లో ఏదో ఒక చెయ్యి ఆ మెత్తదనం పట్టుకునేది.

ఆ ఏడు వాన ముందే పడింది. పండగకి ఇంకా పన్నెండు రోజులున్నాయి. సుక్రమ్మ నా బుట్ట చూసి మురిసిపోయి, పండగ దాకా గోతిలో దాస్తానంది. పన్నెండు రోజులు గోతిలో ఉంటే అది ఏమవుతుందో నాకు తెలుసు. పైమట్టి తీసిన రోజున ఊరంతా చూసి, మేస్టారమ్మ నేస్తానికి ఇచ్చిన కానుక ఇదా అంటుంది. మా ఆయన మాస్టారు కనుక నేను ఊరికి మేస్టారమ్మని. ఆ రోజు మా మాటలు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి నాకు.

“దాచకు నేస్తం. నేల పదును మీదుంది, బేగి పాతెయ్యి,” అన్నాను.

“పండగలో కలపకుండా ఇత్తనం నేలలో ఎయ్యకూడదు కదేటి. మా కాడ అలా సెయ్యరు.”

“ఇది మీ విత్తనం కాదు కదా. నేస్తం ఇచ్చినదానికి కూడా దేవుణ్ణి అడగాలేటి?”

ఆమె ఒక ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. “ముందే కోసీసినావేటి?”

“నీకు పని తగ్గుతాదని.”

ముక్కని మళ్ళీ బుట్టలో పెట్టింది. “నువ్వు ఏసీమంటే ఏసేత్తాను నేస్తం,” అంది.

వేసేసింది. ఊరివాళ్ళందరి అల్లం ఒకే కొండవాలు మీద, ఒకరి నేలచెక్క కింద ఒకరిది. సుక్రమ్మది అన్నిటికంటే పైన. తన పాత విత్తనం పక్కనే నేనిచ్చింది పాతింది. శ్రావణం వానలకి పైనుంచి నీళ్ళు ఒక్కో చెక్కలోంచీ కిందికి జారాయి. ముందు ఆమె ఆకులు పసుపెక్కాయి. నెల తిరక్కుండా వాలు మొత్తం పసుపెక్కింది. మొక్కని పట్టుకుంటే కాడ చేతిలోకి ఊడివచ్చేది. చూడ్డానికి నేనూ వెళ్ళాను. ఎవరో ఒక దుంప తవ్వి పైకి తీశారు. వాసన నాకు కొత్త కాదు. సుక్రమ్మ అత్తల కాలం నాటి విత్తనం, ముప్పై ఇళ్ళవాళ్ళ అల్లం, అంతా ఆ వాసనే.

వ్యవసాయశాఖ నుంచి వచ్చినాయన చూసి, ఇది విత్తనంతో వచ్చే తెగులు, నీళ్ళతో పాకుతుంది, ఈ వాలులో కొన్నేళ్ళ దాకా అల్లం వెయ్యకండి అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం దిసారి ఊరిని పిలిచాడు. అందరూ నేలమీద కూర్చున్నారు. నాకూ మా ఆయనకీ మాత్రం ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పండగలో కలపకుండా ఎవరైనా విత్తనం వేశారా అని దిసారి అడిగాడు. సుక్రమ్మ లేచి నిలబడింది.

“నాను ఏసినాను.”

ఎక్కడిదని అడిగాడు. ఆమె నావైపు చూడలేదు. పొరపాటున కూడా చూడలేదు.

“సంతలో కొన్నాను,” అంది.

నేను అప్పుడు లేవాలి. ఒక్క మాట. అది నేనిచ్చింది. ఇంతే కదా? కుర్చీ చేతులు పట్టుకున్నాను కూడా. లేస్తున్నానని నాకే అనిపించింది. కానీ లేవలేదు. మాస్టారి పరువు పోతుందని ఆగానని కొన్నాళ్ళు చెప్పుకున్నాను. బయటినుంచి వచ్చినవాళ్ళని ఏమీ అనరు, నేను చెప్పినా ఆమె తప్పు ఆమెకి ఉండనే ఉంటుంది అని ఇంకొన్నాళ్ళు చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఆ కుర్చీలో బాగుంది నాకు. దిగాలనిపించలేదు.

మూడేళ్ళు ఆమె విత్తనం పండగలో కలపకూడదన్నారు. కలపకపోతే నేలలో వెయ్యడానికి లేదు. వెయ్యకపోతే తినడానికి లేదు. ఆ ఏడు పంట ఇంటికి చేరేవేళకి ఆమే, ఆమె పెనిమిటీ, పిల్లా రొయ్యల చెరువుల పనికి బయల్దేరారు. చెరువులు ఎక్కడో కాదు, మా ఊరి పక్కనే. నేను కన్నీళ్ళు పెట్టుకుని వదిలొచ్చిన ఒడ్డుకి. జీపు దాకా నేనూ నడిచాను. మీ ఊరి కాడికే ఎల్తన్నాం, అక్కడ సలి ఉండదంట కదా నేస్తం అని నవ్వింది. నేను కూడా నవ్వాను. నా పాత స్వెట్టర్ ఒకటి చేతిలో పెట్టాను. చలి లేని ఊరికి వెళ్ళే మనిషికి స్వెట్టర్.

ఇక్కడితో అయిపోతే ఇది ఒక్క తప్పు. అవలేదు. మా ఇంటి వెనక గట్టు మీద ఆమె ఇచ్చిన అల్లం నిక్షేపంగా ఉంది. ఆ వాలు నీళ్ళు అటు రావు. రెండేళ్ళ తర్వాత ఊరివాళ్ళు పక్క కొండమీద అల్లం వేద్దామనుకుంటే, మంచి విత్తనం ఊరు మొత్తంలో నా పెరట్లోనే ఉంది. అడిగారు, ఇచ్చాను. పండగలో దోసెడు పోశాను. దిసారి కలిపాడు, పంచాడు. బాగా వచ్చింది. ఎక్కడిదని ఎవరూ అడగలేదు, సన్నరకం మా వైపూ ఉంటుంది కాబోలని, కింద నుంచి తెచ్చాననుకున్నారు. అనుకోనిచ్చాను. సుక్రమ్మదని చెబితే, మరి నువ్వు ఆమెకి ఏమిచ్చావు అనే మాట వస్తుంది. ఇప్పుడు చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో దాన్ని మేస్టారమ్మ అల్లం అంటారు. సంతలో ఆ పేరు చెప్పి అమ్ముతారు. కుళ్ళిన వాలులో నూనెగింజల కోసం వలిసెలు చల్లారు. ఇప్పుడు ఊరి దాకా రోడ్డు పడింది కనుక, చలికాలం పసుపు పువ్వు విరగబూస్తే టూరిస్టులు కార్లు ఆపి ఫొటోలు దిగుతారు. నేను ఆ పసుపు వైపు చూడను.

మూడేళ్ళ గడువు ఎప్పుడో తీరింది. వాళ్ళు తిరిగి రాలేదు. మా ఆయనకి బదిలీ అయ్యే వీలొచ్చినా నేనే వద్దన్నాను. ఇక్కడే ఇల్లు కుదిరింది, మాటకి విలువ వచ్చింది, పండగలో నాకూ ఒక చోటు ఉంది. అది సుక్రమ్మ కూర్చునే చోటు.

కిందటేడు పుట్టింటికి వెళ్ళినప్పుడు చెరువుగట్టు మీద వాళ్ళ రేకుల ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో? చెప్పేద్దామనే వెళ్ళానని నా నమ్మకం. ఉప్పుగాలికి ఆమె నల్లబడింది, రొయ్యల పనికి వేళ్ళు పుండ్లు పడ్డాయి. నన్ను చూసి పిల్లని దుకాణానికి పంపి అల్లం తెప్పించి టీ పెట్టింది. లావు అల్లం, మా వైపుది. గ్లాసు చేతికిస్తూ అడిగింది, మన పాత అల్లం ఎక్కడైనా ఉందేటి నేస్తం, మీ గట్టు మీద ఏసినావు కదా అని.

ఉందంటే ఒక ముక్క అడుగుతుంది. ముక్క ఇస్తే ఊళ్ళో ఉన్న తనవాళ్ళతో చెబుతుంది. ఇంత లెక్క నా బుర్రలో ఎంత బేగి నడిచిందో చూడండి.

లేదన్నాను. అదీ పోయిందన్నాను. ఆమె తల ఊపి, పోన్లే, టీ తాగు సల్లారిపోతాది అంది. తాగాను.

మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు, అది మీ చేతిలో లేదు. ఆమెని అడిగే మొహమూ లేదు. రేపు ఎవరైనా ఇది చదివి, ఏ ఊరో పోల్చుకుని, సంతలో గొడవ పెట్టినా నేను కాదనను. అలా జరిగితే బాగుండునని లోపల ఎక్కడో ఉంది, దానికీ ఇంకొకళ్ళ చెయ్యే కావాలి నాకు.

గొంతులో ఉన్న మాట ఇది. మేస్టారమ్మ అల్లం అని నాలుగు ఊళ్ళవాళ్ళు పండిస్తున్న అల్లం మేస్టారమ్మది కాదు. సుక్రమ్మది. ఆమె అత్తది, ఆ అత్త అత్తది. కుళ్ళింది నాది.