రాజనర్సయ్య కేక

అమీర్‌పేటలో టైలర్ రాజనర్సయ్యంత పిరికివాడు ఇంకొకడు లేడు. పాముకు భయపడడు, పోలీసుకు భయపడడు, పళ్ళ డాక్టరును చూస్తే మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి. పన్ను నొస్తుందేమోనని సకినాలు కూడా చాయ్‌లో నానబెట్టుకుని తినేవాడు.

జావా నేర్చుకుని ఇంటర్వ్యూలకు పోయే కుర్రాళ్ళకు ప్యాంట్లు కుట్టిచ్చి, "ధైర్యంగ పో తమ్మీ" అని వీపు తట్టేవాడు. ఉన్న ధైర్యమంతా అలా పంచిపెట్టేశాడేమో!

విడ్డూరమేమిటంటే, చుట్టాల్లో ఏ పిల్లకు పన్ను నొచ్చినా తోడు వెళ్ళేది ఆయనే. పైగా "నాకు సుత నొస్తుంది, ముందు నాది చూడున్రి" అని కుర్చీ ఎక్కేవాడు. అప్పుడు ఆయన పెట్టే కేకకు పంజాగుట్ట చౌరస్తాలో ఆటోలు బ్రేకులు వేసేవని చెప్పుకునేవారు.

మేనకోడలు సుమలతకు పదిహేనేళ్ళు. దవడ పన్ను పుచ్చింది. డాక్టరు మిషన్ చప్పుడు తలచుకుని, నొప్పి ఇంట్లో చెప్పకుండా ఒక పక్కనే నమిలేది. చివరికి బుగ్గ బూరెలా పొంగి గుట్టు బయటపెట్టింది.

"ఇవాళ మొదలుపెడితే పన్ను దక్కుతుంది. ఇంకా ఆగితే పీకడమే" అన్నారు డాక్టర్ అరుణాదేవి.

సుమలత తలుపు వైపు జరిగింది. ఈలోగా రాజనర్సయ్య కుర్చీ ఎక్కేశాడు.

"ఓయమ్మో, సచ్చిపోతి!"

"ఏంటండీ రాజనర్సయ్యగారూ, నేనింకా అద్దమే పట్టుకోలేదు!"

సుమలత నివ్వెరపోయింది. ఇంత మీసం పెట్టుకుని ఇదేం ఏడుపు? సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"లే మామా, ఇజ్జత్ తీస్తున్నవ్! నేను కూసుంట, జర చూసి నేర్చుకో."

సూది దగ్గర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మామ ముందు చులకనైపోతానని కిక్కురుమనలేదు. పన్ను దక్కింది.

పని అయ్యాక మొహం కడుక్కుందామని వెనక గదిలోకి వెళ్ళింది. అక్కడ మామ నల్లా కింద పళ్ళు కడుక్కుంటున్నాడు. ఆ పళ్ళు చేతిలో ఉన్నాయి. పై వరుస, కింది వరుస, మొత్తం!

ఆ రోజు సుమలత పెట్టిన ఒకే ఒక్క కేక అది.

రాజనర్సయ్య గబగబా కట్టుడు పళ్ళు పెట్టుకున్నాడు. "నీ ఈడుల నేను సుత డాక్టరంటే భయపడి ఉరికిన బిడ్డా. ఒక్కొక్కటే అన్ని ఊడినయ్" అని, గొంతు తగ్గించాడు. "ఎవ్వరికి చెప్పకు. వచ్చే వారం నీ చెల్లెను తీస్కరావాలె."

లేని పళ్ళ కోసం ఇన్నాళ్ళూ అరిచిన మామ మీద సుమలతకు ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది.

మరుసటి వారం లోపలి నుంచి కేక వినబడగానే చెల్లెలి మొహం పాలిపోయింది. సుమలత నవ్వు ఆపుకుంటూ దాన్ని లోపలికి నెట్టింది.

"మామంత పిరికోడు ఇంకొకడు లేడే. పోయి నువ్వన్న జర ధైర్యం చెప్పు!"