ఫ్లైఓవర్ మీద పెట్టిన బండి

బుడమేరు వాగు పొంగి ఊరు మునిగిన ఏడాది, చలికాలంలో మా బావగారి బండి కొన్నాం. బావగారంటే మా ఆవిడకు సొంత అన్న. ఏడుగురు కూర్చునే తెల్లటి డీజిల్ బండి. అప్పటికి ఆరేడేళ్ళు వాడారు. వరదలో ఆయన ఇల్లు నడుం లోతు మునిగింది. ఆ వీధి చివరే ఉన్న ఆయన బట్టల షాపులో ఒక్క చీరా మిగల్లేదు. ఆ ఇంట్లో ఉండలేక మా అత్తగారు భవానీపురంలో మా దగ్గరికి వచ్చేశారు.

మాకు అంత బండి అవసరమా అని నేను ఆలోచించకపోలేదు. కానీ మా అమ్మాయి కూచిపూడిలో నాట్యం నేర్చుకుంటోంది. ఆదివారం ఆదివారం అక్కడికి తీసుకెళ్ళాలి. అత్తగారు మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేరు, మనవరాలి వెంట వెళ్ళకుండా ఉండనూ లేరు. పైగా బావగారు డబ్బుకు ఇబ్బందిపడుతున్నారు.

"బండికి నీళ్ళు తగల్లేదు కదా బావగారూ?" అని మాత్రం అడిగాను.

"అయ్యో, అదేం మాట! నీళ్ళొస్తున్నాయనగానే తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టేశా. ఇల్లు పోయింది గానీ బండి చుక్క తడవలేదు బావగారూ."

ఆ రోజుల్లో ఊళ్ళో చాలామంది అలాగే బళ్ళు ఫ్లైఓవర్ల మీద పెట్టుకున్నారు. వరసగా నిలబెట్టిన ఆ బళ్ళను నేనూ కళ్ళారా చూశాను. నమ్మకపోవడానికి కారణం ఏమీ లేదు. "అన్నయ్యతో బేరం ఆడకండీ," అంది మా ఆవిడ. ఆడలేదు.

మొదట్లో ఒక వాసన ఉండేది. అద్దాలు ఎక్కించగానే, తడిబట్టలు మూటగట్టి మరిచిపోతే వచ్చేలాంటి వాసన. సాంబ్రాణి వేశాం, సెంటు సీసా పెట్టాం. ఎండలు ముదిరేసరికి ఏసీ చల్లదనం ఇవ్వడం మానేసింది. ఆటోనగర్‌లో చూపిస్తే కూలింగ్ కాయిల్ పోయిందన్నారు. అది మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. ఆ ఒక్క పనికే ఇరవై వేలు దాటింది. తర్వాత క్లచ్. అది అరిగే వస్తువే కాబట్టి ఎవరినీ అనుకోలేదు. ఆ తర్వాత ఆల్టర్నేటర్ పోయింది. అంటే బండి నడుస్తుంటే బ్యాటరీ ఛార్జి కాదు. ఒకరోజు వన్ టౌన్‌లో మా ఆఫీసు ముందు, తోపుడుబళ్ళ మధ్య నిలిపి ఉన్న బండి హారన్ దానంతటదే మోగడం మొదలుపెట్టింది. తాళం పెట్టి తీసినా ఆగలేదు. బ్యాటరీ వైరు పీకేదాకా బజారు బజారంతా నన్నే చూసింది.

"పాత బండన్నాక ఇవన్నీ మామూలేనండీ," అనేవాడు మెకానిక్. నేనూ ఆ మాటే ఇంట్లో చెప్పేవాణ్ణి. వర్షాకాలం వచ్చేసరికి మా ఆవిడ ఆ మాటకు తలూపడం మానేసింది. ఖర్చు ఎంతయిందని అడగడం కూడా మానేసింది. ప్రతిసారీ బావగారికి ఫోన్ చేసి, "అన్నయ్యా, దీనికి ఇంతకుముందు ఇలా అయిందా?" అని మాత్రం అడిగేది. ఆయన ప్రతిసారీ, "నా దగ్గర ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదమ్మా," అనేవారు.

మా అమ్మాయి మొదటిసారి వేదిక ఎక్కాల్సిన రోజు కూడా ఆదివారమే. ఆరుగురు పిల్లలు కలిసి చేసే అంశం. తెల్లవారకముందే మా ఆవిడ దానికి జడవేసి, పూలు కుట్టి, కళ్ళకు కాటుక దిద్దింది. అత్తగారు ముందు సీట్లో, మా ఆవిడా అమ్మాయీ వెనక. ముడతలు పడకుండా అమ్మాయి పట్టుబట్టలు పరుచుకుని కూర్చుంది. ఉయ్యూరు దాటి కొంచెం ముందుకెళ్ళామో లేదో, డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. స్టీరింగ్ బిగుసుకుపోయింది. ఎలాగో పక్కకు లాగాను. బండి ఆగింది. కాలిన ప్లాస్టిక్ కంపు. తలుపులు తీసుకుని దిగిపోయాం.

రెండు వైపులా చెరుకుతోటలు. నీడ అన్నది లేదు. అమ్మాయి ఎండలో నిలబడి, ముఖానికి వేసిన రంగు కరగకుండా చున్నీతో విసురుకుంటోంది. వచ్చిన ఆటోలన్నీ నిండుగా వచ్చాయి. చాలాసేపటికి ఖాళీది దొరికింది. దాంట్లో అత్తగారిని ఎక్కించడానికే ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది.

మేము చేరేసరికి వాళ్ళ అంశం అయిపోయింది. ఆరుగురు నిలబడాల్సిన చోట ఐదుగురూ సర్దుకుని ఆడేశారట. చూసినవాళ్ళకి ఒకరు తగ్గారని తెలియనే తెలియలేదట. ఆ మాట ఓదార్పుగానే అన్నారెవరో. గురువుగారు దాని తల నిమిరి, "ఇంకోసారి చేద్దువుగానిలేమ్మా," అన్నారు. అమ్మాయి ఏడవలేదు. గజ్జెలు కట్టుకోకుండానే తిరిగి సంచిలో పెట్టేసింది.

బండిని ఆటోనగర్‌కు లాగించాం. రెండు రోజుల తర్వాత మెకానిక్ ఫోన్ చేసి, "సార్, ఒకసారి వచ్చి చూడండి, ఫోన్లో చెప్పేది కాదండీ," అన్నాడు. వెళ్ళాం, నేనూ మా ఆవిడా. సీట్లు విప్పి బయట పెట్టి ఉన్నాయి. కార్పెట్ ఎత్తి చూపించాడు. దాని కింద ఎండి నెర్రెలిచ్చిన బురద. సీటు బోల్టులు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. వైర్లు కలిపే చోటల్లా పచ్చటి చిలుము.

"ఇది మునిగిన బండండీ. సీటు పైదాకా నీళ్ళెక్కాయి. పైపైన కడిగి ఇచ్చినట్టున్నారు, ఇన్నాళ్ళూ సీట్లు విప్పలేదు కాబట్టి కనబడలేదు. వైరింగ్ మొత్తం మార్చాలి, ఇంజను నడిపే కంప్యూటర్ కూడా. మీరు కొన్న రేటులో సగం పైనే అవుద్ది. అయినా నేను గ్యారంటీ ఇవ్వలేను."

మా ఆవిడ వంగి ఆ బురద ముక్క ఒకటి తీసి చూసింది. చీర కొంగుకు చెయ్యి తుడుచుకుంది. ఇంటికొచ్చాక వంటింట్లో నిలబడి అన్నకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అత్తగారు గుమ్మంలో ఉన్నారు.

"అన్నయ్యా, బండి నిజంగా ఫ్లైఓవర్ మీద పెట్టావా?"

అటు తలుపు వేసుకున్న చప్పుడు.

"పెడదామనే బయల్దేరానమ్మా. వీధి మలుపు దాటేసరికే నీళ్ళు బానెట్ మీదకొచ్చేశాయి. వదిలేసి పరిగెత్తా."

"మరి మాకెందుకలా చెప్పావు?"

"ఏం చెయ్యనే? షాపు పోయింది. ఇన్సూరెన్స్ ముందే అయిపోయింది. బయటివాళ్ళకి అమ్మితే రేపు తెలిశాక ఇంటిమీదకొస్తారు. మీరైతే సర్దుకుంటారనుకున్నా."

మా ఆవిడ ఫోన్ పెట్టేసింది. అత్తగారు, "వాడి పరిస్థితి అలాంటిదమ్మా..." అని మొదలుపెట్టారు. కూతురి ముఖం చూసి ఆగిపోయారు.

కోపం ఉంటే దులిపేసుకోవచ్చు. నాకు ఆయన మీద కోపం నిలవలేదు. నడుం లోతు బురదలో షాపు షట్టరు ఎత్తుతున్న ఆయన్ని నేను చూశాను. కానీ మా ఆవిడకు పోయింది బండి కాదు. పరాయివాళ్ళంటే భయపడిన మనిషి, చెల్లెలు కాబట్టి పరవాలేదనుకున్నాడన్నది ఆమె మింగలేకపోయింది.

బండిని బాగు చేయించలేదు. ఆటోనగర్‌లోనే విడిభాగాల కింద కొనే ఒకాయనకు, మునిగిన బండని చెప్పే ఇచ్చేశాం. ఆయన ఇంజను మాత్రమే చూసుకుని, మిగతాదాన్ని తూకం లెక్కన అడిగాడు. అమ్మాయి ఆ తర్వాత నెలరోజులు బస్సులో వెళ్ళింది. తర్వాత పరీక్షలంది. పరీక్షలయ్యాక, "ఇంక చాల్లే నాన్నా," అంది. నేను బతిమాలాను. వినలేదు.

మొన్న శ్రావణంలో ఒక సాయంత్రం బావగారు వచ్చారు. బాగా చిక్కిపోయారు. చేతిలో జామకాయల సంచి. ముందు తల్లి దగ్గర కూర్చున్నారు. కొంతైనా ఇద్దామని తెచ్చానంటూ నా వైపు ఒక కవరు జరిపారు. నేను తిరిగి జరిపాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "భోంచేసి వెళ్ళు," అంది. ఆమె అన్నతో అన్నది ఆ ఒక్క మాటే. ఆయనకిష్టమైన దోసకాయ పప్పు చేసింది, రెండుసార్లు నెయ్యి వడ్డించింది. ఆయన తల దించుకుని తిన్నారు. వెళ్తూ గేటు దగ్గర, "వస్తానమ్మా," అన్నారు. ఆమె తలూపింది.

ఆయన వెళ్ళాక కంచం తీస్తూ, "ఇంక రాడండీ," అంది మా ఆవిడ. "అలా ఎందుకంటావ్?" అన్నాను. కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన ఇప్పటిదాకా మళ్ళీ రాలేదు. తల్లిని చూడాలనిపిస్తే ఆటో పంపిస్తారు. అత్తగారు నెలకోసారి వెళ్ళి రెండు రోజులుండి వస్తారు. అక్కడి కబుర్లు ఇక్కడ, ఇక్కడివి అక్కడ చెప్పడం ఆవిడ ఎప్పుడో మానేశారు.