నల్లగీత మీద తాళంచెవి

నా చిన్నప్పుడు మా కరీంనగర్‌లో ఈత సీజన్ నీళ్లతో మొదలయ్యేది కాదు, పాకురుతో మొదలయ్యేది. చలికాలమంతా స్విమ్మింగ్ పూల్‌కు తాళం వేసి ఉంచేవారు. శివరాత్రికి వేములవాడ వెళ్లే బస్సుల రద్దీ తగ్గి, పొద్దున పూట చలి కొంచెం విరిగాక తలుపులు తెరిచేవారు. అప్పటికి అడుగున మిగిలిన నీళ్లు పచ్చగా మారి, పలకలన్నీ జారుతూ ఉండేవి. ఆ నీళ్లు తీసేశాక, కొత్త నీళ్లు వదిలే ముందు మూడు రోజులు టీమ్ పిల్లలే కొలనులోకి దిగి పీచుతో, బ్రష్షులతో అడుగంతా తోమాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. తోమినోళ్లే ఈదాలె అని మా కోచ్ సారు అనేవారు, అంతే.

అప్పుడు నాకు పదకొండేళ్లు. అది నా రెండో సీజన్. మొదటి ఏడాది నేను టీమ్‌లో ఉన్నానంటే ఉన్నాను, లేనంటే లేను. నాకు ఈత రాక కాదు. వచ్చిన ఈతే నాకు అడ్డమైంది.

నాకు ఈత నేర్పింది మా తాతయ్య, ఖానాపూర్ దగ్గర ఆయన పొలంలోని బావిలో. ఎండిన ఆనపకాయ బుర్రను నడుముకు కట్టి వదిలేవాడు. గుండ్రని బావి అది. అందులో ఈదే పిల్లలు భయానికి గోడ పక్కనే ఉంటూ ఒకే దిక్కుకు తిరుగుతారు. ముఖం నీళ్లలో పెట్టరు. కింద అంతా చీకటి కదా, అటు చూడొద్దు, నన్నే చూడు అని తాతయ్య దరి మీద కూర్చుని చెప్పేవాడు. నేను ఆయన్నే చూస్తూ తిరిగేదాన్ని. అలా మూడు వేసవులు గడిచాక, తల ఎత్తి ఎడమ పక్కకు తిరుగుతూ ఈదడమే ఈత అని నా ఒంటికి అలవాటైపోయింది.

పూల్‌లో గోడలు గుండ్రంగా ఉండవు. అక్కడ ఒక్కో పిల్లకు ఒక్కో వరస, వరసకూ వరసకూ మధ్య తాడు. నేను సగం దూరం వెళ్లేసరికి నా ఎడమ చేయి తాడుకు కొట్టుకునేది. ఇంకో నాలుగు చేతులు వేసేసరికి పక్క వరసలో ఉండేదాన్ని. తల వంచు, భయపడకు, ధైర్యంగా కిందికి చూడు, గీత మీద పో అని సారు గట్టు మీద నుంచి అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేవారు. ప్రతి వరస కింద అడుగున ఒక నల్లగీత ఉంటుంది, దాన్ని చూస్తూ ఈదితే ఎవరైనా తిన్నగానే పోతారు. నేను మాత్రం కిందికి చూడలేకపోయేదాన్ని. నీళ్లలో పడగానే గట్టు మీద ఎవరి ముఖమో వెతుక్కునేదాన్ని. టీమ్‌లోని పెద్ద పిల్లలు నాకు గానుగెద్దు అని పేరు పెట్టారు. నేను గేటు దాటి లోపలికి రాగానే ఒకతి, "మా గానుగెద్దు అచ్చింది, తాడు జర పక్కకు జరుపుండ్రి" అనేది. అక్కడ ఎవరితోనూ మాట్లాడని నేను, వాళ్లతో పాటు నవ్వేదాన్ని మాత్రం. నవ్వితే ఇంకో మాట అనరని నా లెక్క.

రెండో ఏడు సీజన్ మొదలవకముందే అమ్మ ఒక మాట చెప్పింది. బాపు గ్రానైట్ క్వారీ పని మీద వారంలో నాలుగు రోజులు ఊళ్లో ఉండేవాడు కాదు. అమ్మ ఒక ప్రైవేటు బడిలో టీచరు. నాలుగున్నరకు లేచి, పొయ్యి మీద అన్నం పడేసి, నన్ను బండి మీద పూల్‌కు తెచ్చి, గేటు బయట బండి హ్యాండిల్ మీద తల పెట్టి కునికేది. నేను బయటికి వచ్చేసరికి ఆమె నుదుటి మీద హ్యాండిల్ గీత పడి ఉండేది. ఈసారి కూడా టీమ్‌లోకి తీసుకోకపోతే మానేద్దాం బిడ్డా, నాకు శాతనైతలేదు అంది. కోపంగా అనలేదు. చెప్పులు విప్పుతూ, ఎక్కడో చూస్తూ అంది.

నేను సరేనన్నాను. నిజం రాయాలంటే, నాకూ శాతనైతలేదు. పదకొండేళ్ల పిల్లకు అలసట ఏమిటని నవ్వుతారేమో. కానీ బడిలో మూడో పీరియడ్‌కే కళ్లు మూతలు పడేవి. జుట్టు ఎప్పుడూ తడిగా ఉండి ఒకటే తలనొప్పి. పోనీ, సారే నన్ను తీసేస్తే బాగుండునని ఒక మనసు. గానుగెద్దుగానే ఇంటికి పోవాల్సి వస్తుందే అని ఇంకో మనసు. ఈ రెండూ ఎవరికీ చెప్పుకోలేక డైరీలో రాసుకునేదాన్ని.

పూల్‌లో ఆడపిల్లల బట్టల గది చూసుకునే ఆమెను అందరం ఖాలమ్మ అనేవాళ్లం, ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. తెలుగువాళ్ల పిల్లలూ అదే పిలుపు, తురకవాళ్ల పిల్లలూ అదే పిలుపు. ఒక స్టూలు, ఒక పొడుగు వెదురు కర్ర, మేము మరిచిపోయిన తువ్వాళ్లు, సబ్బులు, క్లిప్పులు దాచే ఒక ఇనుప పెట్టె, ఇవే ఆమె ఆస్తి. ఎవరైనా నీళ్లలో తడబడితే ఆ కర్ర అందించాలి, అదీ ఆమె పనే. ఎన్నో ఏళ్లుగా నీళ్ల ఒడ్డునే కూర్చున్నా ఆమెకు ఈత రాదు. పాదం తడవడం కూడా ఇష్టం ఉండదు. ఆమె మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి. లేచినప్పుడల్లా కర్ర పట్టుకుని, యా అల్లా అని, ఒక్క క్షణం ఆగి లేచేది.

ఆ ఏడు తోముడు పని పంచింది ఆమే. పెద్ద పిల్లలను లోతు తక్కువ వైపుకు పంపింది. వాళ్లు పాటలు పాడుకుంటూ, సబ్బు నురగ ఒకరి మీద ఒకరు చల్లుకుంటూ తోముకున్నారు. నాకు మాత్రం మూడో వరస నల్లగీత అప్పగించింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీత ఒక్కటే, ఇంకేమీ ముట్టుకోవద్దంది. మాట్లాడని పిల్లకు ఒంటరి పని ఇచ్చిందని, ఇదీ ఒక శిక్షేనని అనుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని పలక తర్వాత పలక తోముకుంటూ పోయాను. మూడు రోజులు పట్టింది. లోతు వైపుకు దిగుతుంటే రెండు పక్కలా గోడలు లేస్తూ పోయాయి. నిలబడి పైకి చూస్తే ఆకాశం బావిలోంచి చూసినట్టే కనిపించింది. అయితే ఈసారి నేను బావి అడుగున ఉన్నాను. ఎప్పుడూ చూడొద్దన్న చోట చెప్పులు లేకుండా నిలబడి ఉన్నాను. అక్కడ చీకటి లేదు. ఒక పెచ్చు ఊడిన పలక ఉంది, చిలక ముక్కులా. నీళ్లు బయటికి పోయే ఇనుప జాలి దగ్గర ఎవరో మేస్త్రీ తలకిందులుగా అతికిన పలక ఒకటి ఉంది. మూడో రోజుకు వాటన్నిటినీ గుర్తు పట్టేదాన్ని.

నాలుగో రోజు నీళ్లు వదిలారు. ఆదివారం పొద్దున పరీక్ష. ఆగకుండా, తాడు పట్టుకోకుండా, తన వరసలోనే నాలుగు సార్లు ఈ గోడ నుంచి ఆ గోడకు ఈదినవాళ్లే టీమ్‌లో ఉంటారు. మిగిలినవాళ్లు వేసవిలో వచ్చే చిన్నపిల్లల బ్యాచ్‌కు. నా వంతు వచ్చేముందు బట్టల గదిలో ఖాలమ్మ నా చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. ముఖం చూస్తే నిజంగా పరేషాన్‌లో ఉన్నట్టే ఉంది. నీళ్లు వదలకముందు ఏదో చూడబోయి తాను కొలనులోకి దిగాననీ, పెట్టె తాళంచెవి కొంగు ముడిలోంచి జారిపోయిందనీ చెప్పింది.

"మూడో గీత మీదనే యాడనో పడ్డది బిడ్డా. సారుకు ఎరుకైతే నా నౌకరీ పోతది. నేనైతే నీళ్లల్ల దిగలేను. గా గీత నీకు ఎరుకైనట్టు ఎవ్వరికి ఎరుక లేదు. జర చూసుకుంట పో. ఎవ్వరికి చెప్పకు."

అప్పటిదాకా నాకు ఎవరూ ఏ రహస్యమూ చెప్పలేదు. మాట్లాడని పిల్లతో పెద్దవాళ్లకు ఏం పని ఉంటుంది? నేను తల ఊపి, ఈత కళ్లద్దాలు సర్దుకుని వెళ్లి మూడో వరస ముందు నిలబడ్డాను. గానుగెద్దు అని ఎవరో అన్నారు. ఆ మాట చెవిన పడింది గానీ లోపలికి పోలేదు.

నీళ్లలో పడగానే ముఖం వంచాను. గీత మీద ఒక్కో పలక దాటుతుంటే వెతుక్కుంటూ పోయాను. చిలక ముక్కు పలక దాటింది, తాళంచెవి లేదు. నేల దిగిపోయి లోతు మొదలయ్యే చోట ఎప్పుడూ తల ఇంకా పైకెత్తేదాన్ని. ఆ రోజు అక్కడ నీడలో ఏదో మెరిసినట్టయి, భయపడడం మరిచిపోయాను. అది ఇనుప జాలి మేకు. మొదటి సారి గీతకు కుడి అంచు చూశాను, రెండోసారి ఎడమ అంచు. మూడోసారికి భుజాలు ఇటుకల్లా బరువెక్కాయి. తాడు పట్టుకుంటే చాలు, ఇంటికి పోవచ్చు, రేపటి నుంచి అమ్మా నేనూ ఆరింటి దాకా పడుకోవచ్చు. చేయి తాడు వైపుకు పోయింది కూడా. కానీ జాలి అవతల, తలకిందుల పలక చుట్టూ ఇంకా సరిగ్గా చూడలేదు. అది ఒక్కటి చూసి ఆగుదామనుకున్నాను. అది చూశాక దాని పక్కది. అలా నాలుగోసారి గోడ చేతికి తగిలింది.

సారు, చాలు, ఎక్కు అన్నారు. నేను ఎక్కలేదు. ఊపిరి అందక, గోడ పట్టుకుని, "ఇంకొక్కసారి పోతా సార్" అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదేననుకుంటాను. గట్టు మీద పిల్లలంతా నవ్వారు. సారు నవ్వలేదు. కాగితం మీద నా పేరు రాసుకున్నారు.

బయట అమ్మను లేపి, తీసుకున్నారమ్మా అని చెప్పాను. ఆమె కళ్లు నులుముకుని నా వైపు చూసింది. ఆ తర్వాత నవ్వి, "అయితే రేపు గూడ లేవాలెనా" అంది. ఆ నవ్వులో సంతోషం ఎంతో, అలసట ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. దారి పొడుగునా ఆమె వీపుకు ముఖం ఆనించి కూర్చున్నాను. నా తడి జుట్టుతో ఆమె చీర తడిసింది. 

తాళంచెవి మరుసటి రోజూ దొరకలేదు. ఆ తర్వాతి రోజూ దొరకలేదు. రోజూ బట్టల గదిలో ఖాలమ్మ కళ్లతోనే అడిగేది, నేను లేదన్నట్టు తల ఊపేదాన్ని. పదకొండో రోజో పన్నెండో రోజో నా తువ్వాలు మరిచిపోయాను. చలికి వణుకుతుంటే ఖాలమ్మ మెడలోని నల్లదారం బయటికి లాగి, దానికి వేలాడుతున్న తాళంచెవితో పెట్టె తెరిచి ఒక తువ్వాలు నా మీద కప్పింది. తాళం మళ్లీ వేస్తుండగా నా ముఖం చూసి ఆగిపోయింది.

నాకు సంతోషం కలగలేదు, ఏడుపు వచ్చింది. ఒక పెద్ద మనిషి నన్ను నమ్మి ఒక పని చెప్పిందనుకున్నాను, అదీ అబద్ధమేనా అని ఉక్రోషం. ఖాలమ్మ బుజ్జగించలేదు. స్టూలు మీద మెల్లగా కూర్చుని మోకాళ్లు రాసుకుంది. తర్వాత, గట్టు మీద నుంచి సారు ఏడాదంతా నీకు ధైర్యం చెప్పె, ఏమైంది అని అడిగింది.

"ధైర్యం నా దగ్గర యాడున్నది బిడ్డా, నీకిచ్చేతందుకు? నాకే నీళ్లంటే బుగులు. రోజు ఈడికి అచ్చేతందుకు నాకు గీ కర్ర ఉన్నది. నీ చేతిల గూడ ఏదన్న పెట్టాలె అనుకున్న."

ఆ మాటకు అప్పుడు కోపం తగ్గలేదు. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మామూలుగానే ఎవరితోనూ మాట్లాడని పిల్లను కాబట్టి, నేను అలిగానని ఆమెకు తెలిసిందో లేదో కూడా చెప్పలేను. నాలుగో రోజు మాత్రం ఆమె స్టూలు మీద నుంచి లేవడానికి కర్ర కోసం చేయి చాపితే, ఆ కర్రను నేనే తెచ్చి అందించాను.

నేను పెద్ద ఈతగత్తెనేమీ కాలేదు. నాలుగు సీజన్లు టీమ్‌లో ఉన్నాను, పదో తరగతి పరీక్షలు రాగానే మానేశాను. ఇప్పుడు కరీంనగర్‌లోనే ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. పుస్తకాల మధ్య కూర్చునే ఉద్యోగం అంటే ఎవరూ నమ్మరు గానీ, అలసట అక్కడా ఉంటుంది. అమ్మకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, పొద్దున నాలుగున్నరకు నేనే లేస్తాను. కొన్ని రోజులు సాయంత్రం దాకా ఎలా గడపాలో ఊహించడానికి ధైర్యం సరిపోదు. అలాంటి రోజు ఎవరైనా వచ్చి ధైర్యంగా ఉండమంటే నాకు సారు అరుపే గుర్తొస్తుంది. అప్పుడు చేతికి అందిన చిన్న పని ఒకటి పట్టుకుంటాను, ఎవరో తప్పు చోట పెట్టిన పుస్తకం ఒకటి వెతకడం లాంటిది. అది అయ్యాక దాని పక్కది.

ఆ పాత డైరీ ఇంకా నా దగ్గర ఉంది. టీమ్‌లోకి తీసుకున్న ఆదివారం పేజీలో టీమ్ మాటే లేదు, సారు మాట లేదు, అమ్మ మాట లేదు. పెన్సిల్‌తో ఒక్క వాక్యం: "తాళంచెవి దొరకలేదు, రేపు మళ్లీ చూడాలి." ఆ తర్వాత పది పేజీల్లోనూ అదే వాక్యం. అది నీళ్లలో ఎప్పుడూ లేదని తెలిసి ఇన్నేళ్లయింది. అయినా మరీ అలసిన రోజున, ఇప్పటి డైరీలో ఇంకేమీ రాయబుద్ధి కానప్పుడు, ఆ వాక్యమే రాసి మూసేస్తాను. మర్నాడు లేవడానికి అది చాలుతోంది.