ఎదగడానికి వదిలిన బట్ట

మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. అందుకే అందరికీ ఆయన టేపు మావయ్య. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. గుడ్డ వృథా చేయడం ఆయన దృష్టిలో మహాపాపం. ఎంత చిన్న ముక్కలోనైనా చొక్కా తీసి, మిగిలిన పీలికతో జేబు కూడా వేసి ఇచ్చేవాడు.

మిషను పక్కనే చాప పరుచుకుని ఆయన భార్య కూర్చునేది. వీధికంతటికీ అత్తయ్య. కాజాలు, గుండీలు, చేతికుట్టు అన్నీ ఆవిడవే. రెండేళ్ళుగా ఆవిడ కళ్ళకు మసక కమ్ముతూ వచ్చింది. ఉన్న చూపు నిలబడితే అదే పదివేలన్నాడు డాక్టరు. ఒకరోజు ఆవిడ సూదుల డబ్బాకు మూత పెట్టి, "ఇంక నేను దేనికీ పనికిరానండీ" అంది. అప్పట్నుంచీ మాట తగ్గింది, తిండీ తగ్గింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వెనక గుమ్మంలో కూర్చునేది. ఆ ఖాళీ చేతుల్ని ఆయన చూడలేకపోయేవాడు.

ఆవిడకేదైనా వ్యాపకం కల్పించాలని పెరట్లో కూరగాయలు వేశాడు. ఉద్దేశం బంగారం. చేసిన పని చూడండి! తాడు కట్టాడు, టేపు పెట్టి కొలిచాడు, ఇటుకల అంచు మీద సుద్దతో గుర్తులు గీశాడు. నాలుగేసి అంగుళాలకో మొక్క చొప్పున గోడ నుంచి గోడ దాకా చిక్కుడు, బెండ, టమాటా. సూది మోపే సందు లేదు. జాగా వృథా పోనిచ్చే మనిషా ఆయన! అత్తయ్య తడుముకుంటూ మెట్టు దిగబోతే, "నువ్వు లోపలికి రాకు, తొక్కేస్తావు" అన్నాడు. ఎవరికోసం వేశాడో ఆ మనిషినే గుమ్మంలో ఆపేశాడు, మహానుభావుడు.

మొక్కలు ఒకదాని మీద ఒకటి పడి పెరిగాయి. ఆకులకేం, గంపలకొద్దీ వచ్చాయి. గాలి ఆడక బూజు పట్టింది, ఆకుల అడుగున పేనుబంక చేరింది. చివరికి చేతికందినవి గుప్పెడు చిక్కుళ్ళు, మూడు ముదురు బెండకాయలు, గోళీకాయలంత టమాటాలు.

పక్కింటి పోస్ట్‌మాన్ గోడ మీంచి తొంగిచూసి, "మావయ్యా, మొక్కలు నాటావా, కాజా కుట్టు వేశావా? అంత దగ్గర దగ్గరగా ఉన్నాయి!" అన్నాడు. మామూలుగా అయితే దానికి దీటుగా నాలుగు అంటించే మనిషే. ఆరోజు మాత్రం వినిపించుకోకుండా పెరట్లోకి దిగాడు. మొక్కలన్నీ పీకి కుప్పేసి, గుమ్మంలో భార్య పక్కన కూలబడ్డాడు.

"ఎంతెంత దూరంలో వేశారేంటి?" అంది అత్తయ్య. చాలా రోజులకు ఆవిడ తనంతట తానుగా అడిగిన మాట అది.

"నాలుగంగుళాలు. ఎక్కడా జాగా పోనివ్వలేదు."

ఆవిడ కుప్పలోంచి రెండు మొక్కలు అందుకుని వేర్లు తడిమింది. అవి చిక్కుపడిన దారపుండలా ఉన్నాయి.

"బడిపిల్లల గౌన్లు కుట్టినప్పుడు అంచు లోపల నాలుగు వేళ్ళ బట్ట మడిచి వదిలేవారుగా. ఎందుకని?"

"ఎదిగే పిల్లలు కదే. వచ్చే ఏడు విప్పుకుంటారని."

"మరి ఇవి ఎదగవా?"

టేపు మావయ్య ఆ వేర్లకేసి చూశాడు. నలభై ఏళ్ళుగా చేతిలో ఉన్న సంగతి తలకెక్కనందుకు ముందు నవ్వొచ్చింది. కాసేపటికి ఇంకో సంగతి తట్టింది. ఆ పెరట్లో మొక్కలకే కాదు, ఆవిడకూ చోటు వదల్లేదు తను. అప్పుడు మాత్రం నిజంగా సిగ్గేసింది.

రెండోసారి తొందరపడలేదు. వంటింటి తొక్కలూ ఎండాకులూ కుళ్ళబెట్టి మట్టిలో కలిపాడు. వేసింది సగానికి సగం మొక్కలే. చిక్కుడుకు అడుగు దూరం, టమాటాకు రెండడుగులు. వరసల మధ్య అత్తయ్య నింపాదిగా నడిచేంత దారి వదిలాడు. దారి పొడవునా నడుమెత్తున తాడు కట్టి, తడిమితే ఏ వరసో తెలిసేలా దానికి గుండీలు కుట్టాడు. చిక్కుడు వరసకు ఒకటి, బెండకు రెండు, టమాటాకు మూడు. ఆ తర్వాత చేయి పట్టుకుని, "దా, నెమ్మదిగా దిగు" అన్నాడు.

మొదటి వారం ఆవిడ తాడు వదల్లేదు. రెండో వారం ఆకుల అడుగుకు వేళ్ళు పోనిచ్చి, ఆయన అద్దాలు పెట్టుకున్నా కనిపించని పురుగు గుడ్లను నలిపి పారేసింది. కాజా అంచులో ఒక్క పోగు లేచినా పట్టేసే వేళ్ళవి. బెండకాయ కొన తాకి, ముదిరిందో లేదో ఇట్టే చెప్పేది. దాంతోపాటే భోజనం దగ్గర రెండు ముద్దలు ఎక్కువ తినడం ఆయన గమనించాడు గానీ, దిష్టి తగులుతుందని పైకి అనలేదు.

ఒకనాటి ఉదయం ఆయన చిక్కుడు వరసంతా కోసి, "అయిపోయాయే, ఇంక లేవు" అంటూ మెట్టు మీదకొచ్చాడు. అత్తయ్య అదే వరసలోకి వెళ్ళి, పొదల్లో చేతులు పెట్టి, దోసెడు కాయలు తీసింది. ఇంకా తీస్తూనే ఉంది. ఎక్కణ్ణుంచి తీస్తోందో చూద్దామని ఆయన బుట్ట పట్టుకుని వరసలో అడుగు పెట్టాడు.

"అయ్యయ్యో, నా మొక్కలు! మీరు లోపలికి రాకండి, తొక్కేస్తారు!"

గోడవతల పోస్ట్‌మాన్ పకపకా నవ్వాడు. "బాగా అయింది మావయ్యా!"

టేపు మావయ్య వేసిన అడుగు వెనక్కి తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "విన్నావురా? నా మొక్కలంది" అని చెప్పబోయి మానేశాడు. ఊరికే బుట్ట ముందుకు చాచి పట్టుకున్నాడు.