పసుపు కార్డులో ఖాళీ గళ్ళు

మూడేళ్ళ కిందట, జూలై నెల రెండో బుధవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు నేను డాక్టరునయ్యాను. పదకొండున్నరకల్లా ఆ డాక్టరీ ఊడింది. దాంతోపాటు ఉగాండా ప్రయాణమూ ఊడబోయింది. ఎట్లాగో చెబుతాను. నవ్వుకోండి, నేను అడ్డుపడను.

బీదర్ పక్కన కొల్హార్‌లో బోరుబండ్లకు వెల్డింగ్ చేసేవాణ్ణి. మా సేఠ్ బండి ఒకటి ఉగాండాలో విరిగి కూర్చుంది.

"ఏసుదాసూ, నువ్వు పోతవా, మాణిక్‌ను పంపాల్నా?" అన్నాడు సేఠ్.

మాణిక్ మా దగ్గరే ఇంకో వెల్డరు. వాడు పెట్టిన అతుకు పెళ్ళిలో కుదిరిన చుట్టరికం లాంటిది. భోజనాల దాకే నిలుస్తుంది. నేనే పోతానన్నాను.

పోవాలంటే సూదులు. టైఫాయిడ్‌ది, కామెర్లది బీదర్‌లోనే పొడిచారు. ఎల్లో ఫీవర్ అనే పసుపు జ్వరం సూదికి మాత్రం హైదరాబాద్ పోవాలన్నారు. అక్కడ వారానికి ఒక్కరోజే వేస్తారు. వేసినట్టు ఒక కార్డిస్తారు, అది పది రోజులకు గాని చెల్లదు. నా విమానం పన్నెండో రోజు. ఆ బుధవారం తప్పితే ఎగిరేది, ముందే ఆ సూది వేయించుకున్న మాణిక్.

అల్లుడు ప్రభుదాసును తోడు తీసుకుని పోయాను. నర్సు విజయమ్మ సూది వేసి, పసుపు కార్డు చేతికిచ్చి, "పెద్దాయనా, నీ సంతకం పెట్టి డాక్టరు సారుకియ్యి" అంది.

నా బలహీనత అక్కడే ఉంది. యాభయ్యో ఏట, చర్చిలో ఆదివారం బడి పిల్లల వెనక కూర్చుని అక్షరాలు నేర్చినవాణ్ణి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త సంతకం గడి ఎరగదు. కార్డు నిండా ఇంగ్లీషు. నాకు అర్థమైనవి ఖాళీ గళ్ళే. ఒకదాంట్లో పెట్టాను. పక్కదీ ఖాళీగానే ఉంది. దాంట్లోనూ పెట్టాను.

"మామా, ఒక్కటి సాలు గద!"

"నీకేమెరుక? యాభై ఏండ్లు ఏలిముద్ర ఏసినోణ్ణి. కాయితంల ఖాళీ జాగ ఇడిస్తే ఎవడో ఒకడు కబ్జా జేస్తడు. మా నాయిన పొలం గట్లనే పాయె."

"ఇది పొలం గాదు మామా, సూది కార్డు!"

"అయితేంది? సూది మొన మోపే జాగ గూడ ఇయ్య!"

అన్ని గళ్ళూ నిండాయి. అన్నిటికంటే పెద్ద గడిలో సంతకమూ పెద్దగానే పెట్టాను.

డాక్టరు కార్డు చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఏసుదాసు ఎవరు?"

"నేనే సార్."

"నీకు సూదిచ్చిన డాక్టరెవరు?"

"మీ దవాఖానోళ్ళే గద సార్?"

"కాదు, ఏసుదాసు. మందు జేసిన కంపెనీ ఏసుదాసు. కార్డు ఏసుదాసు నుంచి ఏసుదాసు దాకా చెల్లుతది. సర్కారు ముద్ర గూడ ఏసుదాసే. ఇగ నేనెందుకయ్యా ఈడ, ఇంటికి పోనా?"

విజయమ్మ దూది డబ్బా మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఇవన్నీ కొట్టేసి దిద్దుదామన్నా, కొట్టివేతలుంటే ఇది ఎయిర్‌పోర్టుల చెల్లదు" అన్నాడు డాక్టరు.

నేను రెండో చొక్కా చేయి కూడా పైకి లాగాను. "సార్, ఇంకో సూది పొడువుండ్రి, రెండు పొడువుండ్రి! మాణిక్‌ను మాత్రం పోనియ్యకుండ్రి!"

"మాణిక్ ఎవడయ్యా?"

అందరి సూదులూ అయ్యేదాకా నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, చివరకు కొత్త కార్డు తీశాడు. అన్ని గళ్ళూ తనే నింపి ముద్ర కొట్టి, ఒక్క గడి మీద వేలు పెట్టాడు. "పెట్టు. ఒక్కటే." పెట్టీ పెట్టగానే పెన్ను లాక్కున్నాడు.

పన్నెండో రోజు విమానమెక్కాను. ఉగాండాలో దిగితే అక్కడి అధికారి దూరం నుంచే కార్డు రంగు చూశాడు. పసుపే. పొమ్మని చెయ్యూపాడు. తెరవనే లేదు!

కాబట్టి దేవుని ఎదుట, మీ ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట లోకంలో ఎన్ని గళ్ళు ఖాళీగా పడున్నా, ఎవడు కబ్జా చేసుకున్నా, నా ఒక్క గడి దాటి నా పెన్ను కదలదు.

ఆ రోజు అక్కడున్నది నేను, అల్లుడు ప్రభుదాసు, నర్సు విజయమ్మ, డాక్టరు రాఘవులు సారు, సూదికే వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుని కడుపు పట్టుకు నవ్విన సలీం భాయి, ఆయన భార్య షాహీన్. మాణిక్ లేడు. అయినా కొల్హార్‌లో ఈ కథ నాకంటే బాగా చెప్పేది వాడే.